బీజింగ్ సమ్మర్ ప్యాలెస్: గంటన్నరలో చూసొచ్చే చెరువు కాదిది

ముందే చెప్పేస్తున్నా, ఈ తోటకి నేను నాలుగు రోజుల్లో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ప్యాకేజీ టూర్ వాళ్ళతో, రెండోసారి అమ్మా నేనూ మాత్రమే, సొంతంగా. మొదటిసారి వెళ్ళొచ్చిన రాత్రే రివ్యూ రాసుంటే రెండు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో కూడా చెప్తాను.

ప్యాకేజీ సంగతి త్వరగా తేల్చేస్తా. తొమ్మిదింటికి రావాల్సిన బస్సు పదింటికి వచ్చింది, దారిలో ముత్యాల షాపులో ముప్పావుగంట కూర్చోబెట్టారు, తోట తూర్పు గేటు దగ్గర దించేసరికి పదకొండున్నర, దిగీ దిగగానే జెండా పట్టుకున్న గైడు "ఒంటిగంటకి అందరూ బస్సులో ఉండాలి, లంచ్ రెడీగా ఉంది" అన్నాడు. దాదాపు 290 హెక్టార్ల చోటు ఇది, అందులో ముప్పావు వంతు నీళ్ళే. ఆ గంటన్నరలో మేం చూసింది ఒక దర్బారు హాలు, సగం వసారా, మా ముందు నడుస్తున్నవాళ్ళ వీపులు. చెరువుని చూసింది బస్సు కోసం పరిగెడుతూ తల పక్కకి తిప్పినప్పుడు. బస్సెక్కి కూర్చున్నాక అమ్మ, "ఏరా, ఇంత దూరం వచ్చింది ఆ ముత్యాలు చూడ్డానికా? మన దగ్గర లేవూ?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అందుకే నాలుగో రోజు ప్యాకేజీలో ఉన్న పట్టుబట్టల షాపు ఎగ్గొట్టి, అమ్మా నేనూ ట్యాక్సీలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి తూర్పు గేటు కాదు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ మీ రోజు ఎలా గడుస్తుందన్నది ఏ గేటులోంచి వెళ్ళారన్నదాని మీదే ఉంటుంది. టూరిస్టు బస్సులు ఎక్కువగా తూర్పు గేటుకే వస్తాయి, అక్కడ పొద్దున్నే జాతర. మెట్రో నాలుగో లైన్లో బెయ్‌గుంగ్‌మెన్ స్టేషన్లో దిగితే ఉత్తరం గేటు దగ్గరే, కానీ లోపలికి రాగానే కొండెక్కాలి. మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు అటే వెళ్ళండి, కొండ దాటి ఇవతలికి వచ్చేసరికి కింద చెరువంతా ఒక్కసారిగా కనబడుతుంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆగ్నేయం వైపున్న షిన్‌జియెన్‌గుంగ్‌మెన్ అనే గేటు ఎంచుకున్నాం (ఆ పేరు పలకలేక డ్రైవర్‌కి ఫోన్లో చైనీస్ అక్షరాలు చూపించాను). అంతా చదునే. గేటు దాటి నాలుగడుగులు వేస్తే నీళ్ళు.

టికెట్ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 30 యువాన్లు, మిగతా నెలల్లో 20. లోపల గోపురం, సూజౌ వీధి లాంటి వాటికి విడిగా కట్టాలి, అన్నీ కలిపిన కాంబో మేం వెళ్ళిన అక్టోబర్‌లో 60. అందరూ కాంబోనే తీసుకోమంటారు గానీ, మెట్లెక్కనివాళ్ళకి అది దండగ, అమ్మకి మామూలుది తీసుకుని నేను కాంబో తీసుకున్నాను. టికెట్ పాస్‌పోర్ట్ నంబర్ మీదే ఇస్తారు కాబట్టి పాస్‌పోర్ట్ హోటల్లో వదిలి రావద్దు. డబ్బులన్నీ ఫోన్లోనే, అలీపేలో మన కార్డు ముందే ఎక్కించుకుని, ఒకసారి వాడి చూసుకుని మరీ బయల్దేరండి, లేకపోతే గేటు దగ్గర టెన్షన్.

ఇక చెరువు. ఖున్మింగ్ సరస్సు అంటారు. అక్టోబర్ చివరి వారం, ఎండ ఉంది కానీ కాలడం లేదు, గట్టు పొడుగునా ఏడ్చే విల్లో చెట్లు, వాటి కొమ్మలు జడకుచ్చుల్లా నీళ్ళ దాకా వేలాడుతున్నాయి. ఎదురుగా ఉత్తరాన కొండ, కొండ మీద గోపురం, ఎడమవైపు దూరంగా నీలం రంగులో కొండల వరస, ఆ వరసకి ముందు ఒక చిన్న కొండ మీద సన్నటి బౌద్ధ గోపురం. అదీ ఈ తోటలోదే అనుకుని దానికి దారి అడిగాను. కాదట. అది యూచ్వాన్ కొండ మీదిది, తోట గోడకి బయట ఉంది. బయటి కొండని, దాని మీది గోపురాన్ని ఇక్కడ కూర్చున్నవాడి కంటికి తోటలో భాగంలా కనబడేట్టు అమర్చడం చైనా తోటల పనిలో ఒక పద్ధతి, 'అరువు దృశ్యం' అంటారు. అరువు తెచ్చుకున్న సొమ్ముతో ఇంత సోకు ఇంకెక్కడా చూడలేదు నేను.

బెంచీ మీద కూర్చుని అమ్మకి కథ చెప్పాను. 1750లో ఛియన్‌లుంగ్ చక్రవర్తి వాళ్ళమ్మ షష్టిపూర్తి కోసం ఈ తోట మొదలుపెట్టాడు. ఉన్న చిన్న చెరువుని తవ్వించి పెద్దది చేసి, ఆ మట్టిని పక్కనున్న కొండకి పోయించి, ఆ కొండకి 'దీర్ఘాయువు కొండ' అని పేరు మార్చాడు. ఊరికే ముచ్చట కోసమే కాదు, బీజింగ్ నీటి అవసరాలకి కూడా ఈ చెరువు పనికొచ్చింది. అమ్మ అంతా విని చెరువు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "నాకింకా రెండేళ్ళు టైముంది కదరా, నువ్వూ మొదలుపెట్టు" అంది. అమ్మకి యాభై ఎనిమిది.

అయితే మనం ఇప్పుడు చూసే కట్టడాల్లో చాలావరకు ఆ షష్టిపూర్తి నాటివి కావు. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు వచ్చి తగలబెట్టేశాయి. మళ్ళీ కట్టించింది రాజమాత త్సీషీ. యీహెయువాన్ అనే ఇప్పటి పేరు 1888లో పెట్టిందే. ఆ కట్టడానికి నౌకాదళానికి చేరాల్సిన డబ్బు మళ్ళించారన్న నింద ఇప్పటికీ ఆవిడ మీద ఉంది. ఇంకో షష్టిపూర్తి కూడా ఉంది ఇందులో, ఆవిడదే, 1894లో. ఇక్కడ బ్రహ్మాండంగా చేయాలని ఏర్పాట్లు చేశారు, సరిగ్గా ఆ ఏడే జపాన్‌తో యుద్ధం వచ్చింది, యాలూ నది దగ్గర చైనా నౌకాదళం చావుదెబ్బ తింది, ఇక్కడి వేడుకలు ఆగిపోయాయి. ఒక షష్టిపూర్తికి పుట్టి, ఇంకో షష్టిపూర్తికి అప్రతిష్ఠ మూటగట్టుకున్న తోట అన్నమాట.

ఇక్కడి నుంచి మేం నడిచిన దారే చెప్తాను, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. ముందు కంచు ఎద్దు. 1755 నాటిది, నిజమైన ఎద్దంత ఉంటుంది, కాళ్ళు ముడుచుకుని, చెవులు నిక్కబొడుచుకుని నీళ్ళ వైపు చూస్తోంది. వరదలు రాకుండా కాపలా అని పెట్టారు. వీపు మీద పాత లిపిలో 80 అక్షరాల శాసనం ఉంది. అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టబోతే నేనేం అనలేదు, పక్కనున్న చైనా పెద్దావిడ మాత్రం ఆసక్తిగా చూసి, తనూ చేతులు జోడించింది.

పక్కనే పదిహేడు కమానుల వంతెన, 150 మీటర్ల పొడవు, అటు చివర ద్వీపం. ఎటు నుంచి లెక్కపెట్టినా నడిమి కమాను తొమ్మిదోదే అవుతుంది, తొమ్మిది చక్రవర్తి అంకె. రెండు వైపులా స్తంభాల మీద మొత్తం 544 రాతి సింహాలు, ఒకటి పిల్లని కాలి కింద అదిమిపెట్టి ఆడిస్తోంది, ఒకటి పక్కకి తిరిగి అలిగినట్టుంది, ఒకదాని మూతి జనం తడిమి తడిమి అరిగిపోయి నున్నగా సబ్బు ముక్కలా అయింది. లెక్క సరిచూద్దామని మొదలుపెట్టి అరవై దగ్గర వదిలేశాను.

ద్వీపం నుంచి డ్రాగన్ తల పెట్టిన పెద్ద పడవలో అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చు, టికెట్ వేరే. డబ్బుకి న్యాయం జరిగింది ఇక్కడే. ఒడ్డున ఎంత జనం ఉన్నా నీళ్ళ మధ్యకి రాగానే చప్పుడంతా తెగిపోతుంది, గోపురం మెల్లగా మన ముందు పక్కకి జరుగుతున్నట్టు ఉంటుంది, ఎడమవైపు పడమటి గట్టు, దాని మీద ఒంటె మూపురంలా లేచిన తెల్లటి వంతెన కనబడతాయి. హాంగ్‌జౌలోని సరస్సు గట్టుని చూసి ఇక్కడ ఆ గట్టు వేయించాడట చక్రవర్తి, దాని మీద ఆరు వంతెనలు. ఆ గట్టు మీద జనం తక్కువ. నడవగలిగినవాళ్ళు ఈ పడవ మానేసి ఆ గట్టంతా నడవండి, నాకు మిగిలిపోయిన కోరిక అదే.

పడవ దిగిన చోటే రాతి పడవ. ఫొటోల్లో పాలరాతి ఓడ అని చూసి వెళ్తాం, దగ్గరికి వెళ్తే అసలు గుట్టు బయటపడుతుంది. 36 మీటర్ల పొడవున్న అడుగుభాగం నిజంగానే రాయి, ఛియన్‌లుంగ్ కాలానిది. పైనున్న రెండంతస్తులు మాత్రం చెక్క. 1893లో త్సీషీ పాశ్చాత్య స్టీమరు తరహాలో కట్టించి, పాలరాయిలా కనబడేందుకు రంగు వేయించింది. రెయిలింగ్ దగ్గర వంగి చూస్తే బూడిద రంగు చారలు బ్రష్‌తో గీసినవని స్పష్టంగా తెలుస్తుంది, రెండు వైపులా తిరగని చక్రాలు కూడా ఉన్నాయి. నీళ్ళు పడవని మోస్తాయి, ముంచనూ ముంచుతాయి అని రాజుకి ప్రజల గురించి చెప్పే పాత సామెత ఒకటుంది వాళ్ళకి, దానికి జవాబుగా మునగని పడవ కట్టించాడట ఛియన్‌లుంగ్. నౌకాదళం మునిగింది, ఇది మాత్రం ఉంది. లోపలికి పోనివ్వరు.

అక్కడి నుంచి తూర్పుకి పొడవాటి వసారా మొదలవుతుంది. 728 మీటర్లు, 273 అంకణాలు, దూలాల మీద 14 వేలకి పైగా బొమ్మలని చెప్తారు. వానలోనూ మంచులోనూ ఛియన్‌లుంగ్ వాళ్ళమ్మ తడవకుండా నడవడానికి వేసిందట మొదట. ప్యాకేజీ రోజున దీనిలో సగం పదిహేను నిమిషాల్లో పరుగు పెట్టించారు. ఈసారి మేం గంటన్నర తీసుకున్నాం, పక్కల్లో కూర్చోవడానికి అరుగుల్లాంటి బల్లలున్నాయి కాబట్టి అమ్మకి పండగ. తల పైకెత్తి చూస్తూ ప్రతి బొమ్మకీ తనే ఒక కథ కట్టేసింది. కోతి వీరుడు సున్ వుకోంగ్ బొమ్మ కనబడగానే "చూశావా, ఆంజనేయస్వామి ఇక్కడికీ వచ్చాడు" అని ఫొటో తీయించుకుంది. బొమ్మలు చూడ్డానికి ఒక చిట్కా: వసారా మధ్యలో నడవకండి, గైడ్ల గుంపులు తోసుకుపోతాయి, ఒక అంకణంలో చతికిలబడి మెడ పైకెత్తితే చాలు.

అమ్మ అక్కడ కూర్చుని జంతికలు తింటుంటే నేను గోపురం ఎక్కొచ్చాను. నిటారు మెట్లు, ఆయాసం వచ్చింది, పైన ఎనిమిది మూలల గోపురం, దాని ముందు నుంచి చెరువు మొత్తం. అయితే నాకు దానికంటే ఇంకా పైనున్న చిన్న కట్టడం నచ్చింది, చెక్క దూలమే లేకుండా ఇటుకా రాయీ మెరుపు పెంకులతో కట్టింది, అందుకే 1860 మంటల్లో నిలబడింది. గోడల నిండా వెయ్యికి పైగా చిన్న చిన్న బుద్ధుళ్ళు, పై వరసల్లోవాళ్ళు పసుపూ ఆకుపచ్చా రంగుల్లో నిగనిగలాడుతున్నారు, చేతికి అందే కింది వరసల్లో చాలామందికి తలల్లేవు. ఎంత ఎత్తు దాకా తలలు పోయాయో చూస్తే పగలగొట్టినవాళ్ళ చేతులు ఎంత ఎత్తుకి అందాయో తెలిసిపోతుంది.

కొండ వెనకనున్న సూజౌ వీధి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కాలవకి రెండు పక్కలా దుకాణాలు, రాజుగారి బజారు ఆట కోసం కట్టింది, పాతది కాలిపోతే ఇరవయ్యో శతాబ్దం చివర్లో మళ్ళీ కట్టారు. ఫొటోకి బాగుంటుంది. అమ్మే సరుకు ఎక్కడైనా దొరికేదే.

వసారా తూర్పు చివర త్సీషీ ఉన్న ఇంటి వాకిట్లో పెద్ద బండరాయి ఒకటుంది, ఎనిమిది మీటర్ల పొడవు. దాని ముద్దుపేరు 'కొంప ముంచిన రాయి'. మింగ్ కాలంలో మీ వాన్‌జుంగ్ అనే రాళ్ళ పిచ్చి ఉన్న అధికారి దీన్ని తన తోటకి తరలించబోయి ఆస్తంతా హారతి కర్పూరం చేసుకుని దారిలోనే వదిలేశాడట. తర్వాత ఛియన్‌లుంగ్ ఇక్కడికి తెప్పిస్తే వాకిలి పట్టక గుమ్మం పగలగొట్టాల్సి వచ్చింది, వాళ్ళమ్మకి కోపం వచ్చిందంటారు. "ఏ అమ్మకైనా వస్తుంది" అంది మా అమ్మ. స్థలం కొనే విషయంలో మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది, ఆ మాట నాకే అని అర్థమైంది.

దానికి దగ్గర్లోనే యూలాన్‌తాంగ్. జనం దీన్ని తొంగి చూసి వెళ్ళిపోతుంటారు, మీరు మాత్రం ఆగండి. 1898లో సంస్కరణలు తేబోయిన గ్వాంగ్‌షూ చక్రవర్తిని ఆయన పెద్దమ్మ త్సీషీ పట్టి బంధించింది, ఆవిడ ఈ తోటలో ఉన్నప్పుడు ఆయన్ని ఉంచింది ఈ ఇంట్లో. పక్క గది తలుపు తెరిచే ఉంటుంది, లోపలికి చూస్తే గది కనబడదు, బూడిద రంగు ఇటుక గోడ కనబడుతుంది. తలుపుకి జానెడు దూరంలో. బయటికి దారి లేకుండా అప్పుడు కట్టిన గోడలవి. చెరువు నాలుగడుగుల దూరంలోనే ఉంది. అమ్మ ఇక్కడ ఏమీ అనలేదు.

అక్కడి నుంచి నాటకశాల చూశాం. మూడంతస్తుల రంగస్థలం, పై అంతస్తు నుంచి దేవుళ్ళు దిగడానికీ, కింది నుంచి దయ్యాలు లేవడానికీ నేలలోనే తలుపులు. ఓపిక ఉంటేనే వెళ్ళండి.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది టికెట్ లేనిది. సాయంత్రం గట్టు మీద ఒక పెద్దాయన, చీపురు కర్రకి స్పాంజి కట్టినట్టున్న బ్రష్‌ని బకెట్లో ముంచి రాతిపలకల మీద నీళ్ళతో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాడు. నాలుగో పలక రాసేసరికి మొదటిది ఆరిపోతోంది. అమ్మ చూస్తూ నిలబడిపోయింది, ఆయన నవ్వి బ్రష్ చేతికిచ్చాడు. అమ్మ "శ్రీ" రాసింది. ఆయన చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ చూసి, పక్క పలక మీద అచ్చంగా దించబోయాడు, రావత్తు బాగానే వచ్చింది, గుడిదీర్ఘం మాత్రం అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. అమ్మ తల అడ్డంగా ఊపి మళ్ళీ రాసి చూపించింది. మూడోసారికి కుదిరింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు, పది నిమిషాలు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ అర స్టారు సంగతి. ఒకటి, గైడ్ల నడుముకి కట్టుకున్న స్పీకర్లు, వసారాలో నాలుగు గుంపులు కలిస్తే చెవులు గింగురుమంటాయి. రెండు, తిండి. లోపల దొరికేవాటిలో శాకాహారులకి ఉడికించిన మొక్కజొన్న, మట్టికుండలో పెరుగు, గోపురం ఆకారంలో ఐస్‌క్రీమ్, అంతే అనుకోండి. నూడుల్స్‌లో మాంసం లేదని చెప్పి తెచ్చిన గిన్నెలో మాంసం నూనె వాసన. "వో చీ సూ" (నేను శాకాహారిని) అని నేర్చుకుని వెళ్ళండి, ఆ తర్వాత కూడా నమ్మకండి, సంచిలో ఏదైనా పెట్టుకోండి. వేడినీళ్ళ కుళాయిలు ఉన్నాయి, ఫ్లాస్కు తీసుకెళ్ళండి. బాత్రూములు శుభ్రంగానే ఉన్నాయి గానీ ఎక్కువగా నేలబారువి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, టిష్యూలు మీవే. అక్టోబర్ మొదటి వారం వాళ్ళ జాతీయ సెలవులు, ఆ వారం వద్దే వద్దు.

చలికాలం ధర తక్కువ, జనమూ తక్కువ. డిసెంబర్‌లో పొద్దు బాగా తగ్గిపోయిన రోజుల్లో సాయంత్రపు ఎండ పదిహేడు కమానుల్లోంచీ బంగారు రంగులో దూరుతుందని చెప్పి, ఫొటోలు తీసేవాళ్ళు ముందే వచ్చి స్టాండ్లు పెట్టుకుని కూర్చుంటారట. జనవరిలో చలి బాగా పడితే చెరువు గడ్డకడుతుంది, మంచు మీద స్కేటింగ్ పెడతారు. ఈ సంగతి హోటల్లో ఎవరో చెప్పినప్పటి నుంచి అమ్మ ఈసారి జనవరిలోనే వెళ్దాం అంటోంది. మరి మోకాళ్ళో అంటే, మంచు మీద కుర్చీలో కూర్చోబెట్టి తోస్తారటగా, నువ్వు తొయ్యి, అంది.